వృథా నడకలు

ఆగస్టు 3. సిస్టర్లు ఏడుగురు, మంచాలు నలభై ఆరు.

సిస్టర్లు ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఇవాళ్టి నుంచి ప్రతి సిస్టరూ డ్యూటీ దిగాక పావుగంట సేపు గోడకున్న తెర ముందు నిలబడి మనసులో మాట చెప్పాలి. ఆ పావుగంట డ్యూటీ కిందకు రాదు. తెర పేరు ఆత్మీయ.

ఆత్మీయ అడిగే ప్రశ్న ఒకటే. మానేయాలని ఎందుకు అనిపిస్తోంది? దానికి జవాబులు ఐదు: పెళ్ళి, కాన్పు, దూరం, అత్తమామల ఆరోగ్యం, వ్యక్తిగతం. ఆరోది ఏది చెప్పినా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంటుంది.

నేను పని ఎక్కువ అన్నాను. అర్థం కాలేదంది. ఒక్కదాన్నే ఇరవై మూడు మంచాలు చూస్తున్నాను అన్నాను.

"మీ అత్తమామల వయసు ఎంత?" అంది.

అత్తమామలు లేరు, నాకింకా పెళ్ళి కాలేదు అని చెప్పాను. కారణం: పెళ్ళి అని రాసుకుని, మంచి సంబంధం దొరకాలని దీవించింది.

అందుకే ఈ పుస్తకం కొన్నాను. కాగితం పుస్తకాలు ఇప్పుడు శుభలేఖల షాపులో తప్ప దొరకడం లేదు. నాలుగు మూలలా పసుపు అద్ది ఉంది. ఫర్వాలేదు, రాసుకోవడానికి వీలుగానే ఉంది.

ఆగస్టు 9. సిస్టర్లు ఏడుగురు, మంచాలు నలభై ఆరు.

మావి మాట్లాడే మంచాలు. పరుపు కింద పరిచిన గుడ్డ నాడి, ఊపిరి, ఒంటి వేడి చూస్తుంది. గంటకోసారి తలవైపు నుంచి ఒక ఆడగొంతు ఎలా ఉన్నారని అడుగుతుంది. అంకెలు బాగా తప్పినా, మనిషి బాగాలేదని చెప్పినా మా బ్యాడ్జికి పిలుపు వస్తుంది. తొంభై సెకన్లలో వెళ్ళి మంచం మీద వేలిముద్ర వేయాలి. వేశాక టైముంటే మనిషిని కూడా చూడవచ్చు.

అంకెలు అటూ ఇటూగా ఉన్నప్పుడు మాత్రం మంచం మనిషి మాటనే నమ్ముతుంది. దీన్ని తయారుచేసిన వాళ్ళెవరూ మా మండలం మనుషుల్ని చూసి ఉండరు. ఇక్కడ ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగున్నా అనే అంటారు. కాలు విరిగినవాడూ అదే అంటాడు. అడిగినవాళ్ళ బాగోగులు అడిగి, పిల్లల సంగతి, వానల సంగతి అయ్యాక గాని నొప్పి మాట ఎత్తరు. అడగ్గానే బాగాలేదనడం మర్యాద కాదు.

ఇవాళ పదకొండో మంచం తాత మంచానికి అలాగే జవాబిచ్చాడు.

"బాగుండా తల్లీ. నువ్వు బాగుండావా? అన్నం తిన్నావా?"

"ధన్యవాదాలు," అంది మంచం.

తాత నా వైపు తిరిగాడు. "ఏందమ్మా ఈ పిల్ల? తిన్నదో లేదో చెప్పదు. గంటగంటకీ వచ్చి నన్ను మాత్రం అడుగుద్ది."

ఆయనకు పొద్దుటి నుంచి ఒంటేలు రాలేదు. ఆ సంగతి మంచానికి చెప్పలేదు. ఆడపిల్లకు ఎలా చెప్తాం అన్నాడు. మరి నాకు చెప్పావుగా అంటే, నువ్వు సిస్టరమ్మవు కదా అన్నాడు.

మంచం పిలవకుండా మనిషి దగ్గరకు వెళ్తే దాన్ని వృథా నడక అంటారు. బ్యాడ్జి లెక్క పెడుతుంది. ఏడాదిలో నలభై నిండితే ఉద్యోగం నుంచి తీసేస్తారు. ఇవాళ్టి తాతతో నావి ఇరవై ఆరు. సువార్తక్కవి ముప్పై ఆరు.

సువార్తక్క మా అందరిలో పెద్దది. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతుంది. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది. ఆమె ఉద్యోగం ఉన్నంతకాలం ఆయన మందులు ఆసుపత్రి ఇస్తుంది. బయట ఆ మందులు దొరకవు.

ఆగస్టు 22. సిస్టర్లు ఆరుగురు, మంచాలు నలభై ఆరు.

బిందుశ్రీ మానేసింది. వెళ్ళేముందు ఆత్మీయ ముందు నిలబడి గట్టిగా చెప్పింది.

"నన్ను సిస్టరు పని చెయ్యనీకుండా మంచాలకి వేలిముద్రలు వేయిస్తన్నారు. అందుకు పోతన్నా."

అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి.

"పోతన్నా తల్లీ. నీకు దండం."

కారణం: వ్యక్తిగతం. రెండేళ్ళలో ఈ ఆసుపత్రి నుంచి పదిహేడుమంది వెళ్ళారు. ఆత్మీయ రాకముందు వెళ్ళినవాళ్ళతో సహా పదిహేడుమందికీ రికార్డులో వ్యక్తిగతమే. మా మండలం సిస్టర్లకు వ్యక్తిగత సమస్యలు ఎక్కువని పైవాళ్ళు అనుకున్నట్టున్నారు, శుక్రవారం యోగా పెట్టారు. యోగా చేస్తుండగా ఆరు పిలుపులు వచ్చాయి. శవాసనంలోంచి లేచి పరిగెత్తాం. లేచినందుకు 'ఆనందంలో పాల్గొనలేదు' అని మా పేర్ల పక్కన రాశారు.

బిందుశ్రీ మంచాలు నాకూ సువార్తక్కకూ పంచారు.

సెప్టెంబరు 13. సిస్టర్లు ఆరుగురు, మంచాలు నలభై ఆరు.

ఇరవై మూడో మంచంలో శిరీష మామ్మ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. తొమ్మిది రోజుల జ్వరంతో వచ్చింది.

పొద్దున పదీ ఇరవైకి సువార్తక్క, నేను మందుల బండి దగ్గర ఉన్నాం. అక్క చెయ్యి ఆగింది.

"ఆ మామ్మ కాళ్ళు చూడు."

"ఏమైందక్కా?"

"మోకాళ్ళు కడుపులోకి లాక్కుంది. టీ కూడా పక్కమంచం ఆమెకిచ్చింది."

"మంచం పిలవలేదుగా."

"మంచానికి కళ్ళుండాయా?"

"అక్కా, నీకు ముప్పై తొమ్మిదైనాయి."

"నాకూ లెక్కొచ్చులేవే," అని బండి నా వైపు నెట్టి వెళ్ళింది.

నేను ఉన్నచోటి నుంచి అంతా కనపడింది, వినపడింది.

"మామ్మా, ఎట్టా ఉంది?"

"బాగుండానమ్మా. నువ్వు బాగుండావా? మీ ఆయనకి ఎట్టా ఉంది?"

"ఆయన సంగతి తర్వాత. ముందు ఇటు తిరుగు."

మామ్మ తిరగలేకపోయింది. అక్కే దుప్పటి తీసి కడుపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయకుండా నా వైపు చూసి, "డాక్టర్ని పిలువు. బల్లలాగుంది," అంది. అప్పుడే ఆమె బ్యాడ్జి చదివింది: వృథా నడక, నలభై.

టైఫాయిడ్‌తో పేగుకు చిల్లి పడింది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు.

పదకొండు గంటలకు ఖాళీ మంచం ఎలా ఉన్నారని అడిగింది. కింద చాప మీద కూర్చున్న మామ్మ కూతురు, "అమ్మని ఆపరేషన్‌కి తీసకపోయినారు," అని చెప్పింది.

"సంతోషం," అంది మంచం.

సెప్టెంబరు 15. సిస్టర్లు ఐదుగురు, మంచాలు నలభై ఆరు.

సువార్తక్క బ్యాడ్జి ఆపేశారు. ఆమెను లెక్కలోంచి తీసేసి పైన అంకె వేశాను. ఆమె మెట్ల కింద కుర్చీలో కూర్చుని ఉంది. ఇంటికి వెళ్ళడానికి లేదు, వార్డులోకి రావడానికి లేదు.

నాణ్యత అధికారి ప్రణీత్ గారు నన్ను పిలిచి టీ ఇప్పించారు. చిన్నవాడు. మర్యాద తెలిసిన మనిషి.

"లోహిత గారూ, సువార్త గారిని కాపాడుకుందామా?"

"కాపాడండి సార్."

"నా చేతిలో లేదండీ, మీ చేతిలో ఉంది." మంచం రికార్డు చూపించారు. పదీ పద్దెనిమిదికి మంచానికి సందేహం అని ఒక ముక్క ఉంది. దాని కింద, రోగి బాగున్నానన్నారు, సందేహం తీరింది అని ఉంది.

"మంచానికి అనుమానం వచ్చిందండీ. వచ్చిందంటే సగం పిలిచినట్టే కదా."

"సగం పిలుపు ఎట్టా వినపడుద్ది సార్?"

"మీరు విన్నారని రాస్తే వినపడినట్టే. మంచం పిలిచింది, సువార్త గారు వెళ్ళారు. అప్పుడది వృథా నడక కాదు. ఆమె ఉద్యోగం నిలబడుతుంది. మంచాలిచ్చిన కంపెనీవాళ్ళూ సంతోషిస్తారు."

"పిలవలేదని రాస్తే?"

"రాయండి. నిజాయితీని మేం ఎప్పుడూ గౌరవిస్తాం. రేపటి నుంచి సువార్త గారు రారు, అంతే."

టీ చల్లారిపోయింది. కాగితం చదువుకుంటానని తీసుకుని బయటికి వచ్చాను.

సెప్టెంబరు 16. సిస్టర్లు ఆరుగురు, మంచాలు నలభై ఆరు.

సంతకం పెట్టాను.

ముందు మెట్ల కిందకు వెళ్ళి సువార్తక్కకు కాగితం చూపించాను. కళ్ళజోడు లేక దూరంగా పట్టుకుని చదివింది.

"నేను పొయ్యి మామ్మని చూస్తే, పేరు మంచానికా?"

"పెట్టొద్దంటే పెట్టనక్కా."

కాగితం మడిచి నా చేతికిచ్చింది. తర్వాత, "పెట్టు. మీ బావ మందులు నువ్వు తెచ్చిస్తావా?" అంది.

ఆమె కోసమే పెట్టానని రాసుకుంటే బాగుంటుంది. కానీ నావీ ముప్పై ఒకటయ్యాయి. సంతకం పెట్టేటప్పుడు ఆ అంకె కూడా గుర్తుంది.

అక్టోబరు 6. సిస్టర్లు ఆరుగురు, మంచాలు నలభై ఆరు.

ఉత్తమ సేవా పురస్కారం ఇరవై మూడో మంచానికి వచ్చింది.

సభ వార్డులోనే జరిగింది. కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. మంచానికి బంతిపూల దండ వేశారు, పట్టెకు శాలువా కప్పారు. ఒక తల్లిని సకాలంలో కాపాడిన మంచం అని ప్రణీత్ గారు మాట్లాడారు. మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లకు మంచం ఉలిక్కిపడి పిలుపు పంపింది. వెళ్ళి వేలిముద్ర వేశాను. అది కూడా ఫొటోలో పడింది.

ఆ మంచంలో ఇప్పుడు చలిజ్వరం మనిషి ఉంది. సభ అవగానే శాలువా లాక్కుని కప్పుకుంది. "మంచం అడిగితే చలి పోవటంలా, ఇదైతే వెచ్చగుంది," అంది.

శిరీష మామ్మను కూడా పిలిచారు. ఆమె తిన్నగా సువార్తక్క దగ్గరకు వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. కంపెనీవాళ్ళు, "అమ్మా, ఇటు, మంచం వైపు," అని తిప్పి నిలబెట్టారు.

అక్టోబరు 21. సిస్టర్లు ఐదుగురు, మంచాలు అరవై.

మంచాలు తప్పు చేయవని మా వార్డులో రుజువైంది కాబట్టి వరండాలో ఇంకో పధ్నాలుగు వేశారు. ఉత్తర్వులో నా పేరు ఉంది. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం ప్రకారం అని రాశారు.

దాన్ని చదివాక చిన్న సిస్టరు ఒకతె మానేసింది. నాతో మాట్లాడకుండా వెళ్ళింది.

నేనూ రాజీనామా కాగితం రాసుకున్నాను. రెండు రోజులు సంచిలో ఉంచుకుని తిరిగాను. ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో ఆత్మీయ అడగదు కాబట్టి నేనూ ఆలోచించలేదు.

నవంబరు 3. సిస్టర్లు ఐదుగురు, మంచాలు అరవై.

సెలవు. సంతలో బిందుశ్రీ కనపడింది. రొయ్యల షెడ్డులో చేరిందట. చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"ఎట్టుందే అక్కడ?"

"బాగుంది. నిజంగానే బాగుందిలే, అట్టా చూడబాక. రొయ్యని చూస్తా, చెడిపోతే తీసి పక్కనేస్తా. అది పిలవకుండా ఎందుకు చూశావని ఎవుడూ అడగడు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె నవ్వు ఆపేసింది.

"నీకో మాట చెప్పాల. మా బల్ల దగ్గర కొత్తామె చేరింది. పక్క మండలం ఆసుపత్రిలో సిస్టరు. మీ కాగితం చూపిచ్చి అక్కడ సగంమందిని తీసేశారు."

"మా కాగితం ఏంది?"

"నీ సంతకం ఉందంట."

మిగతాది నడుస్తూ చెప్పింది. ఆ ఆసుపత్రిలో యశ్వంత్ అనే పంపుల మెకానిక్ గుండె బరువుగా ఉందని చేరాడు. మంచం మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ బాగున్నానన్నాడు. నాడి ఆగాకే మంచం పిలిచింది, నాలుగోసారి అడిగేటప్పటికి ప్రాణం లేదు. వార్డు మొత్తానికి ఒక్క సిస్టరే ఉంది, ఆమె అవతలి వైపు వేలిముద్రలు వేస్తూ ఉంది. భార్య వెళ్ళి అడిగితే కంపెనీవాళ్ళు నా వాంగ్మూలం నకలు చేతికిచ్చారట. మా మంచం ప్రమాదం ఉంటే పిలిచి తీరుతుంది, ఇదిగో సాక్ష్యం, తప్పు చెప్పింది మీ ఆయనే అన్నారట.

కూరగాయలు కొనడం మర్చిపోయి ఇంటికి వచ్చాను.

నవంబరు 5. సిస్టర్లు ఐదుగురు, మంచాలు అరవై.

సువార్తక్కకు అంతా చెప్పాను. అసలు జరిగింది రాసి ఇస్తానన్నాను. ఆమె సూదులు సర్దుతూ వింది.

"రాస్తే నాకు నలభై నిండినట్టే."

"అవునక్కా."

"నీకూ అబద్ధపు సాక్ష్యం కేసు."

"అవును."

"ఇప్పుడొచ్చిందా నీకు బుద్ధి? ఆ రోజు నన్ను అడగకుండా పెట్టనని చింపేసుంటే ఒకపూట ఏడ్చి ఊరుకునేదాన్ని." గొంతు పెరిగింది. పదకొండో మంచం పిలిచింది. వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చింది. వచ్చాక గొంతు తగ్గింది.

"పెట్టమన్నది నేనేలే. ఒక వారం ఆగు. మీ బావకి మూడు నెలల మందులు ఒక్కసారే రాయించుకుంటా. ఆ పెద్ద డాక్టరు నా మాట తీసెయ్యడు."

"మూడు నెలల తర్వాత?"

"అది నువ్వు అడగబాక."

నవంబరు 12. సిస్టర్లు నలుగురు, మంచాలు అరవై.

మందులు నిన్న అందాయి. అట్టపెట్టె నేనే ఆమె ఇంటికి మోశాను. ఇవాళ సువార్తక్క డ్యూటీకి రాలేదు. బ్యాడ్జి నా చేత పంపింది. వాళ్ళు ఊడదీస్తుంటే నిలబడి చూడలేనంది.

నేను రాసింది ఇది:

సెప్టెంబరు 13న పొద్దున పదీ ఇరవైకి ఇరవై మూడో మంచం పిలవలేదు. నేను ఏ పిలుపూ వినలేదు. రోగి బాగున్నానని చెప్పింది. సువార్త సిస్టరు రోగి పడుకున్న తీరు చూసి తనంతట తాను వెళ్ళి, చేత్తో తాకి తెలుసుకుంది. నేను మందుల బండి దగ్గర నిలబడి చూశాను. ముందు ఇచ్చిన వాంగ్మూలం అబద్ధం. లోహిత, స్టాఫ్ నర్సు.

ప్రణీత్ గారు రెండుసార్లు చదివారు. ఈసారి టీ ఇప్పించలేదు.

"మీరు బాగా అలసిపోయారండీ. వారం రోజులు విశ్రాంతి తీసుకోండి."

"నేను బానే ఉన్నా సార్. కాగితం తీసుకున్నట్టు సంతకం పెట్టి ఇవ్వండి."

"దీన్ని వాంగ్మూలం కింద తీసుకోవడానికి లేదు." తెర మీద ఏదో నొక్కారు. "మనసులో మాట కింద పెడుతున్నాను."

అంటే ఆత్మీయకు పంపారు. సాయంత్రానికి నా బ్యాడ్జికి జవాబు వచ్చింది. కారణం: వ్యక్తిగతం. మంచి సంబంధం త్వరలోనే కుదరాలని కోరుకుంటున్నాం.

నవంబరు 14. వార్డు సంగతి తెలియదు. నా బ్యాడ్జి కూడా ఆపేశారు.

అదే వాంగ్మూలం ఇంకోసారి చేత్తో రాసి, పొద్దున బస్సెక్కి పక్క మండలం వెళ్ళాను. యశ్వంత్ ఇల్లు అడిగితే పంపుల షెడ్డు పక్క సందు చూపించారు. అతని భార్య పేరు నిహారిక. వాకిట్లో పైపుల జాయింట్లు బస్తాకెత్తుతోంది.

నేనెవరో చెప్పాను. పేరు వినగానే బస్తా వదిలేసి లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. మడతల దగ్గర చిరగబోతోంది. చాలాసార్లు చదివినట్టుంది.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే."

నా చేతిలోది ఇచ్చాను. నిలబడే చదివింది. మంచం పిలవలేదు అన్నచోట వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"రెండు సంతకాలూ నీయేనా?"

"రెండూ నాయే."

"మా ఆయన అబద్ధం చెప్పాడని ఊరంతా అనుకున్నారు. నేను కూడా అన్నా. చచ్చినోణ్ణి పట్టుకుని, ఎందుకు చెప్పలేదయ్యా అని తిట్టా."

ఆమె నన్ను కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు.

కొత్త కాగితాన్ని చిన్నగా మడిచి జాకెట్లో పెట్టుకుంది. పాతది నా చేతికి తిరిగి ఇచ్చి, బస్తా దగ్గరకు వెళ్ళింది.